తొట్టి దగ్గర నేల

అతన్ని అందరూ బ్యాటరీ బాబాయ్ అంటారు. అతనికంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళు బస్టాండు వెనక సందులో, రేకుల కప్పు కింద, చచ్చిన బ్యాటరీలను బతికించాడు. లారీలవి, ట్రాక్టర్లవి, కరెంటు పోతే ఇంట్లో దీపం వెలిగించేవి. పైనున్న తారు మూతను వేడిచేసి ఊడదీసేవాడు. లోపలి ప్లేట్లను పుచ్చిపోయిన పళ్ళు పీకినట్టు పీకేవాడు. కొత్తవి అతికి, యాసిడ్ పోసి, వరసగా చార్జింగుకి పెడితే అవన్నీ సన్నగా బుసబుసమనేవి. నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉండేది ఆ చప్పుడు. ఎదుటివాళ్ళు ఏదైనా చెబుతుంటే, అది వింటూనే ఒక చెవి అటు వేసి ఉంచేవాడు.

యాసిడ్ చుక్కలు పడి అతని చొక్కాలన్నీ చిల్లులే. "నీ చొక్కా పారెయ్యకురా, పిండి జల్లించుకుంటా" అనేది వాళ్ళక్క.

పని నేర్పిన మేస్త్రి మొదటి రోజే ఒక మాట చెప్పాడు. "యాసిడ్‌కి భయపడకురా. అది కాలుస్తుంది, నువ్వు అరుస్తావు, మర్నాటికి జాగ్రత్త వస్తుంది. సీసానికి భయపడు. అది తియ్యగా ఉంటుంది." వేలికంటిన బూడిదరంగు మడ్డిని నాలుక చివర ఆనించి మరీ చూపించాడు. పదేళ్ళ తర్వాత ఆ మేస్త్రి చేతులు మణికట్టు దగ్గర వాలిపోయాయి. మంచినీళ్ళ గ్లాసు నోటిదాకా ఎత్తడానికి పక్కన ఒక మనిషి కావలసి వచ్చింది.

పాత ప్లేట్లను సీసం కరిగించే బట్టీవాళ్ళు పట్టుకెళ్ళేవారు. మడ్డి ఎవరికీ అక్కర్లేదు. పెట్టె అడుగున పేరుకున్న బురద, ముట్టుకుంటే పొడిగా రాలే ప్లేటు ముక్కలు, పగిలిన పెట్టెలు. సందులోని మిగతా ఇద్దరు మెకానిక్కులు దాన్ని మురిక్కాలవలో గుమ్మరించేవారు. అతను ఒక్కనాడూ ఆ పని చెయ్యలేదు. కాలవ దిగువన ఎవరో బట్టలు ఉతుక్కుంటారు, ఎవరి బిడ్డలో కాళ్ళు తడుపుకుంటారు.

"ఎవరి మురికి వాళ్ళ గడపలోనే ఉండాలి" అనేవాడు.

గోనెసంచిలో మూటకట్టి మోపెడ్ వెనక పెట్టుకుని ఊరి చివరికి తెచ్చేవాడు. అక్కడ అతనికి అరెకరం ఉంది. తూర్పు మూల నడుంలోతు గొయ్యి తీసి పాతేవాడు. పైన టార్పాలిన్ ముక్క, దాని మీద మట్టి. కాలితో తొక్కి చదును చేశాక ఆ నేలకేసి చూస్తే అతనికి గర్వంగా ఉండేది. ఊళ్ళో ఎవరికీ తెలియని మంచిపని తనొక్కడే చేస్తున్నట్టు.

ఆఖరి రెండేళ్ళలో చేతులు వణకడం మొదలైంది. పార పట్టు జారేది. గోతులు నడుంలోతు నుంచి మోకాలి లోతుకి వచ్చాయి, తర్వాత జానెడుకి. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు. కొన్నాళ్ళకి అతను కూడా మరిచిపోయాడు. దాచిపెట్టడంలో నేల కంటే మనిషే గట్టివాడు.

కొట్టు మూసేశాక ఆ అరెకరం అంచునున్న రెండు గదుల ఇంటికి వచ్చేశాడు. అప్పటికే అక్క అక్కడుండేది. ఆస్పత్రి వార్డులో ఆయాగా చేసి రిటైరైంది. ఇద్దరికీ వేరే ఎవరూ లేరు. ఒకరినొకరు తిట్టుకోవడంలోనే రోజు గడిచేది. పొలంలో ఏమీ వెయ్యలేదు. వాన పడ్డప్పుడల్లా గడ్డి లేచేది. గాలికి అది ఒక పక్కకి వాలి, మళ్ళీ ఇంకోపక్కకి వాలుతుంటే, అరెకరమంతా ఏదో ఆలోచించుకుంటున్నట్టు ఉండేది.

ఒకరోజు కంచె అవతల నుంచి పక్కింటి ఆవులమ్మాయి కేకేసింది. ఆమెకి నలభై అయిదేళ్ళు దాటాయి, అయినా ఊళ్ళో అదే పేరు. భర్త పోయాడు. కూతురు బట్టల ఫ్యాక్టరీలో పనికి తెల్లారకముందే బస్సెక్కేది. ఆ కూతురి కూతురు, రెండేళ్ళ పిల్ల, రోజంతా అమ్మమ్మ కొంగు పట్టుకుని ఆవుల మధ్యనే తిరిగేది. మూడు పాడి ఆవులు, ఒక పెయ్య. చుక్కది, ఎర్రది, పొట్టిది. పెయ్యకి ఇంకా పేరు పెట్టలేదు.

"బాబాయ్, ఆ గడ్డంతా పాములకి పెంచుతున్నావా?"

"నేనెక్కడ పెంచుతున్నానమ్మా, అదే పెరుగుతోంది."

"మా ఆవుల్ని తోలనా మరి? నీకు కొడవలి పని తప్పుతుంది, నాకు దాణా తగ్గుతుంది."

లోపల్నుంచి అక్క అంది, "తోలమ్మాయ్, తోలు. వాడు మాత్రం ఏం చేస్తున్నాడు, అరుగు మీద కూర్చుని ఈగలకి లెక్కలు చెప్పడం తప్ప. ఊరికే మాత్రం కాదు. పొద్దున ఒక చెంబు పాలు."

"చెంబేంటత్తా, నీ నోటికి బిందె పొయ్యాలి."

అలా కుదిరింది. కాగితం లేదు, సాక్షి లేడు. రోజూ పొద్దున ఒక చెంబు పాలు వచ్చేవి, ఇంకా గోరువెచ్చగా, పైన నురగతో. అక్క సగం తాగేది, అతను సగం.

ఆ నెలలు అతని జీవితంలోకల్లా మెత్తనివి. చార్జింగు చప్పుడుకి అలవాటుపడ్డ చెవులకి ఇప్పుడు ఆవులు గడ్డి తెంపే చప్పుడు దొరికింది. పరపర, పరపర, కొంచెం ఆగి మళ్ళీ పరపర. చుక్కది తిన్నగా గీత గీసినట్టు మేసేది. ఎర్రదానికి తిండి కంటే గోకుడు ఎక్కువ, కంచె రాటలన్నిటికీ ఒళ్ళు రుద్దేది. పొట్టిది నీళ్ళ కోసం రోజుకి నాలుగుసార్లు ఇంటికి పరుగెత్తేది. పాపం దానికి అంత నడక ఎందుకని అతనికి అనిపించింది. తనే ఇటుకలు మోసి, సిమెంటు కలిపి, వణికే చేతులతో తాపీ పట్టి ఒక తొట్టి కట్టాడు. బోరు పైపు తూర్పు మూలదాకానే ఉంది. తొట్టి అక్కడే కట్టాడు.

గోతుల సంగతి గుర్తు రాలేదా అంటే, వచ్చింది. సిమెంటు ఆరుతున్న రోజు ఒక్క క్షణం వచ్చింది. లోతుగానే ఉన్నాయిలే అనుకున్నాడు. మొదట తీసిన గోతులే కళ్ళకి కట్టాయి. చివర తీసినవి రాలేదు.

ఆవులకి తొట్టి బాగా నచ్చింది. తాగేశాక కూడా అక్కడే నిలబడేవి. నీళ్ళు ఒలికి నేల ఎప్పుడూ తడిగా ఉండేది. పదహారు గిట్టలు రోజంతా ఆ తడినేలను మెత్తగా పిసికేవి. వానలు వచ్చాయి. పెయ్య తల వంచి అదేపనిగా ఆ బురద నాకుతుంటే అరుగు మీంచి చూసి నవ్వుకున్నాడు.

"చూడక్కా, మట్టి తింటోంది."

"చిన్నప్పుడు నువ్వూ తిన్నావు. అందుకే ఇలా తయారయ్యావు."

నాలుగో రోజు పెయ్యకి కళ్ళు కనబడలేదు. గోడకి తల ఆనించి, గోడలోకి నడవాలన్నట్టు తోసింది. చెవులు టపటపా కొట్టుకున్నాయి. పళ్ళు కొరికే చప్పుడు కంచె ఇవతలికి వినపడింది. నోటి నుంచి నురగ. చుక్కది దూరంగా నిలబడి పిలుస్తూనే ఉంది. సాయంత్రానికి పెయ్య పడిపోయింది, ఇక లేవలేదు.

పశువుల డాక్టరు వచ్చి దగ్గరికి వెళ్ళకుండానే చూశాడు. "పిచ్చికుక్క కరిచి ఉంటుంది. అన్నీ ఆ గుర్తులే. మిగతావాటికి సూదులు వేస్తాను. మీరెవరూ నోట్లో చెయ్యి పెట్టలేదు కదా?"

"పెట్టానండీ" అంది ఆవులమ్మాయి. "గొంతులో ఏదైనా అడ్డుపడిందేమోనని చూశాను."

"అయితే మీకూ సూదులే."

ఆ మాటకి ఆమె మొహం పాలిపోయింది. మనవరాల్ని దూరంగా తోసి, తన చేతిని తనే ఎవరిదో చెయ్యిలా చూసుకుంది.

మర్నాడు పొద్దున అతను తొట్టి దగ్గరికి వెళ్ళాడు. బురదలో నుంచి టార్పాలిన్ చిరిగిన అంచు బయటికి వచ్చి ఉంది. దాని పక్కన ఒక ప్లేటు, పిల్లల పలకంత. నాకినాకి నున్నగా అయింది. వాన వెలిసిన ఎండలో అది వెండిలా మెరిసింది. చుట్టూ నేలంతా బూడిదరంగు. మోకాళ్ళ మీద కూర్చుని వేలితో ఆ మట్టి తీశాడు. నోటిదాకా తీసుకెళ్ళనవసరం లేదు. మేస్త్రి మాట నాలుక మీదే ఉంది.

ఇంటికి వచ్చి చెప్పాలి. కంచె అవతలికి నాలుగడుగులు. "అమ్మాయ్, అది కుక్క కాదు, నేను" అనాలి. ఆ వాక్యం అతనికి పూర్తిగా కనిపించింది. రాత తెలిసినవాడు గోడ మీద అక్షరాలు చదివినట్టు చదువుకున్నాడు కూడా. పైకి మాత్రం రాలేదు.

దానికి బదులు గునపం తెచ్చి తొట్టిని పగలగొట్టాడు. పైకి తేలిన ప్లేట్ల మీద రాళ్ళు పేర్చాడు. గేటుకి గొలుసు వేసి కంచె దగ్గర నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఇక తోలకు. పాముల భయానికి గడ్డిమందు కొట్టించాను. తింటే ప్రమాదం."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, అది తన లోపల ఎన్నాళ్ళ నుంచో సిద్ధంగా కూర్చుని ఉన్నట్టు వచ్చింది.

ఆమె గొలుసు వేసిన గేటు వైపు చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. "ముందే చెప్పావు బాబాయ్. ఇంకొకరైతే నాకెందుకులే అని ఊరుకునేవాళ్ళు. నాది అసలే కాలిన కడుపు, ఇంకొకటి పోతే తట్టుకోలేను."

పదో రోజున ఎర్రది పళ్ళు కొరకడం మొదలుపెట్టింది.

డాక్టరు మళ్ళీ అదే మాట అన్నాడు. మూడు వారాలు ఆ పాలు ఎవరూ తాగొద్దన్నాడు. ఆమె పోసే తొమ్మిది ఇళ్ళలో మాట పాకింది. వీధిలో ఆమె వస్తుంటే అవతలి పక్కకి తప్పుకున్నవాళ్ళు ఉన్నారు. "కరుస్తుందేమో" అని ఎవరో నవ్వారట. ఆ సంగతి ఆమే వచ్చి అక్కతో చెప్పింది, తనూ నవ్వుతూ చెప్పింది, సగంలో నవ్వు ఆగిపోయింది.

వెళ్ళబోతూ అతని వైపు తిరిగింది. "బాబాయ్, నువ్వు మందు కొట్టించింది ఎప్పుడు? పెయ్య పోకముందా?"

"పోయాకమ్మా."

"అవునవును, పోయాకే. మర్నాడు కదా చెప్పావు. నా బుర్ర చూడు, ఎవరి మీద పడదామా అని వెతుకుతోంది. ఏమనుకోకు."

ఏమనుకోకు అని ఆమె తనని బతిమాలడం అతను విన్నాడు.

ఎర్రది పోయాక అతనికి కుదురు లేదు. తెల్లారగానే కొడవలి పట్టుకుని కాలవగట్టుకి వెళ్ళేవాడు. మణికట్టు సహకరించదు. కొడవలి పిడిని గుడ్డతో చేతికి కట్టుకుని కోసేవాడు. మోపు నెత్తిన పెట్టుకుని వచ్చి ఆమె కొట్టంలో పడేసేవాడు. చుక్కదీ పొట్టిదీ అతని అడుగు వినగానే తలలెత్తేవి. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. సొంత బాబాయైనా ఇంత చెయ్యడన్నారు. ఆ మెచ్చుకోళ్ళను అతను మోపుతో పాటే మోసి, మోపుతో పాటే దించేవాడు.

మూడు వారాలు గడిచాయి. మిగిలిన రెండు ఆవులకీ ఏమీ కాలేదు. డాక్టరు ఇక భయం లేదన్నాడు. పాలు మళ్ళీ ఇళ్ళకి వెళ్ళాయి. ఒక చెంబు మళ్ళీ వీళ్ళింటికీ వచ్చింది.

"గడ్డి లేకపోయినా నీ పాలు నీవే బాబాయ్. నువ్వు కోసుకొచ్చే గడ్డి పాలే కదా ఇవి."

చెంబు తీసుకుని వంటగదిలోకి వెళ్ళాడు. తెల్లగా, నిశ్చలంగా ఉన్నాయి పాలు. తల వంచితే వాటిలో అతని మొహం లేదు, పాలలో మొహం కనపడదు. చుక్కది కూడా ఆ బురద నాకింది. పొట్టిది కూడా. చచ్చేంత తినలేదు, అంతే. తిన్నది ఎముకల్లోకి వెళుతుందని, అక్కణ్ణించి కొంచెం కొంచెంగా పాలలోకి వస్తుందని అతనికి డాక్టరు చెప్పక్కర్లేదు. మేస్త్రి భార్య కన్న బిడ్డల్ని, ఏళ్ళొచ్చినా మాటలు రానివాళ్ళని, అతను చూశాడు.

పాలు తూములో పోసేశాడు. అక్క అడిగితే విరిగాయన్నాడు. మర్నాడూ విరిగాయి. ఆ మర్నాడూ విరిగాయి.

పదిహేనో రోజు అక్క వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏంట్రా, రోజూ విరగడానికి అవి పాలా, నీ బుర్రా?"

అతను చెంబు దించలేదు.

"నలభై ఏళ్ళు వార్డులో చేశాన్రా. దాచిపెట్టే మనిషి వీపు నాకు తెలుసు. ఇటు తిరుగు."

తిరిగాడు. చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్ళు, గోనెసంచులు, జానెడు లోతు గోతులు, తొట్టి, ప్లేటు. గడ్డిమందు అబద్ధమని చెప్పాడు.

అక్క గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. తిట్టలేదు. తిట్టకపోతే ఆమె మొహం ఎలా ఉంటుందో అతను అప్పుడే మొదటిసారి చూశాడు.

"నేను తాగానంటే ముసలిదాన్ని. ఆ పిల్ల?"

"ఏ పిల్ల?"

"ఏ పిల్లేంట్రా? రెండేళ్ళ పిల్ల. పాలు తప్ప ఇంకేం తింటుంది అది? పొదుగు కింద గ్లాసు పెట్టుకుని కూర్చుంటుంది రోజూ. నువ్వు గడ్డి మోపు దించేటప్పుడు నీ కళ్ళ ముందే తాగుతుంది."

నిజమే. రోజూ చూశాడు. గ్లాసు ఎత్తి పట్టుకుని, పై పెదవి మీద నురగ మీసంతో అది తనని చూసి నవ్వేది. తను తిరిగి నవ్వేవాడు. సొంత చెంబు పదిహేను రోజులుగా తూములో పోస్తున్న మనిషి.

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అంది అక్క. "నేను చెబితే నీకు తమ్ముడనే పేరు కూడా మిగలదు. లే."

అతను వెళ్ళేసరికి ఆవులమ్మాయి చుక్కదాని పక్కన పీట మీద కూర్చుని, నుదురు దాని డొక్కకి ఆనించి పాలు పిండుతోంది. సర్రు సర్రుమని బకెట్లో ధార. పిల్ల స్టీలు గ్లాసుతో పక్కనే ఉంది.

"రా బాబాయ్. మోపు లేకుండా వచ్చావేం, కాలవగట్టు కూడా మేసేశామా?"

"పాపకి ఆ పాలు ఇవ్వకమ్మా."

"ఏం, నీకు తక్కువయ్యాయా?"

"పాలలో సీసం ఉంది. బ్యాటరీలోది. విషం." నిలబడే చెప్పాడు, కూర్చుంటే మళ్ళీ లేవలేననిపించింది. "తొట్టి దగ్గర నేలలో నేను పాతిపెట్టాను. కొట్లో మిగిలినదంతా. పెయ్యని కుక్క కరవలేదు. ఎర్రదాన్నీ కరవలేదు. నాకి చచ్చిపోయాయి. ఇవీ నాకాయి."

ధార ఆగలేదు. సగం పిండి వదిలేస్తే పొదుగు వాస్తుంది, ఆమె చేతులకి ఆ సంగతి తెలుసు. మొహం మాత్రం డొక్క మీంచి లేచింది.

"గడ్డిమందు కొట్టించానన్నావు."

"కొట్టించలేదు."

"నాకు పద్నాలుగు రోజుల్లో అన్ని సూదులు వేశారు. ఊరంతా నన్ను చూసి పక్కకి పోయింది. నీకప్పుడు తెలుసా?"

"తెలుసు."

"తొట్టి అక్కడెందుకు కట్టావు?"

దీనికి జవాబు ఉంటుందని అతను ఎన్నోసార్లు వెతుక్కున్నాడు. దొరికింది ఒకటే. "పైపు అక్కడిదాకే ఉందమ్మా."

ఆమె తల ఊపింది, ఏదో చిన్న సంగతి తెలిసినట్టు. ఆఖరి ధారలు పిండింది. లేచి, పిల్ల చేతిలో గ్లాసు లాక్కుంది. పిల్ల గుక్కపెట్టింది. గ్లాసులో అప్పటికే సగమే ఉన్నాయి.

"గడ్డి కోసుకొస్తుంటే దయ అనుకున్నాను" అంది. ఆ తర్వాత ఆమె అతన్ని బాబాయ్ అనలేదు.

పిల్లని కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డ అక్కకి అప్పజెప్పి సైకిలు తీసింది. రెండు పాల క్యాన్లూ ఖాళీవే హ్యాండిలుకి తగిలించింది. అవి లేకుండా ఆ వీధిలో నడవడం ఆమెకి చేతకాదు.

"తొమ్మిది ఇళ్ళు. పదండి. నేను గంట కొడతాను, మీరు చెప్పండి."

మొదటిది టీచరమ్మ ఇల్లు. గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఈయన మీతో ఒక మాట చెప్పాలట" అంది ఆవులమ్మాయి.

అతను మొదలుపెట్టాడు. కాలవలో పొయ్యడం ఇష్టం లేక అన్నాడు, మంచికే అనుకున్నానన్నాడు, చేతులు వణుకుతాయన్నాడు, తెలియక జరిగిందన్నాడు.

"తెలియకా? మీకు తెలిసి ఎన్నాళ్ళయింది?"

"నెలన్నర."

"అయితే తెలియక తాగింది మేమండీ" అంది టీచరమ్మ. గిన్నె ఇంకా చేతిలోనే ఉంది. "మీరు కాదు."

మూడో ఇంట్లో రిటైరైన పోస్ట్‌మాన్ విని పెద్దగా నవ్వాడు. "నాకు డెబ్బై ఎనిమిదయ్యా. నన్ను తీసుకుపోవడానికి బీపీ, షుగరు ముందే క్యూలో ఉన్నాయి. నీ సీసాన్ని వెనకాల నిలబడమను." నవ్వుతూనే లోపలికి తిరిగి చూశాడు. లోపల కోడలు ఉయ్యాల ఊపుతోంది. ఆయన నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. తలుపు వేశాడు. లోపల గడియ పడిన చప్పుడు.

అయిదో ఇంట్లో ఒకామె చివరిదాకా విని, ఫ్రిజ్‌లో నుంచి నిన్నటి పాలగిన్నె తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. ఆరో ఇంట్లోనూ అంతే. ఎక్కడ పొయ్యాలో తెలియక వాటిని పట్టుకునే నడిచాడు. వణికే చేతుల మీంచి పాలు ఒలికి మోచేతుల దాకా కారాయి. ఏడో ఇంటి మగమనిషి కొట్టడానికి చెయ్యెత్తాడు. ఆవులమ్మాయి అడ్డుపడలేదు. ఆ చేతుల్లో గిన్నెలు చూసి తనే దించేశాడు.

ఒక్కో గుమ్మం దగ్గర అతని మాటల్లో నుంచి ఒక్కో ముక్క రాలిపోయింది. ముందు కాలవ పోయింది, తర్వాత మంచి పోయింది, తర్వాత చేతుల వణుకు. తొమ్మిదో ఇంటి దగ్గర మిగిలింది ఇంతే.

"సీసం పాతింది నేను. ఆవులు నాకాయి. తెలిసీ చెప్పలేదు. పిల్లలకి రక్తం పరీక్ష చేయించండి."

ఆ తర్వాత పశువుల డాక్టరుకి ఫోను చేశాడు. ఆయన అదంతా రెండోసారి చెప్పించుకున్నాడు. చివరికి, ఆ నేల మీదికి ఇక కోడిని కూడా పోనివ్వొద్దన్నాడు.

పదకొండింటి బస్సుకి ఆవులమ్మాయి పిల్లని ఎత్తుకుని ఆస్పత్రికి బయల్దేరింది. అక్క తోడు వెళ్ళింది. అతను బస్సు మెట్టు దాకా వెళ్ళి కాలు పెట్టబోయాడు.

"వద్దు" అంది ఆమె.

అక్క కూడా రమ్మనలేదు.

ఆ రోజంతా కొట్టం గుమ్మంలో కూర్చున్నాడు. రెండు ఆవులూ నెమరు వేస్తున్నాయి. చుక్కది మధ్యమధ్యలో మెడ తిప్పి పెయ్య కట్టేసే రాటకేసి చూసేది. ఎండ గోడ మీద జరిగింది. ఎవరో ఇద్దరు కంచె దగ్గరికి వచ్చి తూర్పు మూలని వేలెత్తి చూపించుకుని వెళ్ళిపోయారు. పొదుగులు నిండేకొద్దీ ఆవులు కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాయి, తర్వాత అరవడం మొదలుపెట్టాయి. అతనికి పిండడం రాదు. వచ్చినా ఆ చేతులతో కాదు.

పొద్దు వాలాక బస్సు వచ్చింది. పిల్ల అమ్మమ్మ భుజం మీద నిద్రపోతోంది. మోచేతి మడతలో దూది, దాని మీద ప్లాస్టరు.

"ఏమన్నారమ్మా?"

ఆమె ఆగలేదు. అక్కే చెప్పింది. "రక్తం తీశారు. వేరే ఊరు పంపాలట. పది రోజులు ఆగమన్నారు."

"చూస్తే ఏమనిపించిందట?"

"చూస్తే తెలియదటరా. లోపలుంటుందట."

ఆవులమ్మాయి పిల్లని మంచం మీద పడుకోబెట్టి వచ్చింది. చేతులు కడుక్కుంది. పొదుగు కడిగింది. పీట వేసుకుని చుక్కదాని పక్కన కూర్చుంది. ఖాళీ బకెట్లో మొదటి ధార గట్టిగా మోగింది. తర్వాత నిండేకొద్దీ చప్పుడు మెత్తబడింది. రెండు ఆవులూ అయ్యేదాకా అతను గుమ్మం బయటే నిలబడ్డాడు.

నిండిన బకెట్ తెచ్చి ఆమె గడప మీద పెట్టింది, అతనికి అందేంత దూరంలో. "మీ పాలు మీవే" అంది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.